చీటీ ఉంటే చాలా? కాటా అక్కర్లేదా?

సంక్రాంతికి అనకాపల్లి వెళ్ళినప్పుడు ఓ సాయంత్రం నేనూ, మా మావయ్యా డాబా మీద కూచున్నాం. విశాఖ ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి మాకు విమానాలు కొత్తేం కాదు. ఆ రోజు మాత్రం ఓ బుల్లి జెట్ విమానం వెళ్ళింది. మావయ్య బెల్లం మార్కెట్లో ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి. దాన్నే చూస్తూ, "ఒరే, నువ్వు అమెరికా నించి వస్తే గంట సేపు లైన్లో నిలబెట్టీసేరన్నావు కదా. మరి ఈ సొంత విమానాల్లో దిగినోళ్ళని ఎవరు చూస్తార్రా?" అన్నాడు.

"వాళ్ళకీ రూల్స్ ఉంటాయి మావయ్యా" అనేసి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక కాస్త చదివాను. చదివిన కొద్దీ ఇది మన వృత్తికి బాగా దగ్గర విషయం అనిపించింది, అందుకే రాస్తున్నా.

ముందు మన దేశం సంగతి. రూల్స్ లేవనుకుంటే పొరపాటే. విదేశాల నించి వచ్చే ఏ విమానమైనా మామూలుగా కస్టమ్స్ ఎయిర్‌పోర్టులోనే దిగాలి. ఇది 1962 కస్టమ్స్ చట్టం 29వ సెక్షన్. పొలంలో స్ట్రిప్ వేసుకుని దిగుతానంటే కుదరదు. పైగా విదేశీ విమానానికి డీజీసీఏ అనుమతి కావాలి, ఎయిర్ డిఫెన్స్ వాళ్ళ క్లియరెన్స్ నంబర్ కావాలి. దిగాక ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ మామూలే. కాయితం మీద చూస్తే ఏ లోటూ కనపడదు.

మరి 1995 డిసెంబరు 17 రాత్రి ఏం జరిగింది?

పశ్చిమ బెంగాల్లోని పురూలియా జిల్లాలో ఆకాశం నించి ఆయుధాలు పడ్డాయి. వందల కొద్దీ ఏకే-47లు, లక్షల కొద్దీ తూటాలు. పొద్దున్నే లేచిన పల్లెటూరి జనానికి పొలాల్లో పెట్టెలు కనపడ్డాయి. వాటిని జారవిడిచింది ఏఎన్-26 రకం పాత కార్గో విమానం. లాట్వియాలో కొన్నారు దాన్ని. లోపల అయిదుగురు లాట్వియా సిబ్బంది, పీటర్ బ్లీచ్ అనే బ్రిటిష్ ఆయుధాల వ్యాపారి, కిమ్ డేవీ అనే మారుపేరుతో తిరిగిన ఒక డేన్. బల్గేరియా నించి కరాచీ మీదుగా వచ్చి, వారణాసిలో దిగి ఇంధనం పోయించుకుని, దారిలో పని కానిచ్చేసి, కలకత్తాలో మళ్ళీ దిగి, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కి వెళ్ళిపోయింది!

గమనించారా? అది దొంగచాటుగా సరిహద్దు దాటిన విమానం కాదు. మన ఎయిర్‌పోర్టుల్లో దర్జాగా దిగి, బిల్లు కట్టి వెళ్ళిన విమానం. నాలుగు రోజుల తర్వాత మద్రాసు మీదుగా తిరిగి వెళ్తుంటే అప్పుడు మన వైమానిక దళం బొంబాయిలో దింపింది. అక్కడ కూడా కిమ్ డేవీ ఎయిర్‌పోర్టు నించే తప్పించుకుపోయాడు. అతన్ని అప్పగించమని మనవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, డెన్మార్క్ కోర్టులు 2011లో ఒకసారి, 2024లో ఇంకోసారి కుదరదన్నాయి.

అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. బ్రిటన్ నించి మనకి హెచ్చరిక ముందే అందింది. అది ఢిల్లీలో ఆఫీసులు దాటి, రాష్ట్ర ప్రభుత్వానికి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళిందనీ, చేరేసరికి ఆయుధాలు పడిపోయాయనీ వార్తలొచ్చాయి. డేటా ఉంది, అలర్ట్ ఉంది, చదవాల్సినవాడి దగ్గరికి మాత్రం టైముకి చేరలేదు. ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి ఈ కథ ఎక్కడో విన్నట్టు అనిపించట్లేదూ? :)

ఇప్పుడు అమెరికా సంగతి. ఎయిర్‌లైన్స్ ప్రయాణికుల వివరాలు ముందే పంపించే పద్ధతి వచ్చినా, సొంత విమానాల విషయంలో చాలాకాలం చూసీ చూడనట్టే నడిచింది. 2008 నవంబరులో కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ళు కొత్త రూల్ తెచ్చారు, 2009 మే నించి తప్పనిసరి చేశారు. దేశంలోకి వచ్చే, దేశం నించి వెళ్ళే ప్రతీ ప్రైవేటు విమానం పైలట్ బయల్దేరడానికి కనీసం గంట ముందు లోపల ఎవరెవరున్నారో ఈ-ఏపిస్ అనే వెబ్ సైట్లో పంపాలి. పాస్‌పోర్టుల్లో ఉన్న మనిషీ, ఎక్కిన మనిషీ ఒకరేనని చూసుకునే బాధ్యత కూడా పైలట్‌దే. తప్పితే మొదటిసారి 5,000 డాలర్లు, తర్వాత ప్రతిసారీ 10,000 దాకా జరిమానా.

చిన్న పైలట్లు గోల పెట్టారు. డాలస్‌లో ఉండే మా క్లాస్‌మేట్ ఒకడు సరదాకి పైలట్ లైసెన్సు తీసుకున్నాడు. వాడి మాటల్లో చెప్పాలంటే, "మెక్సికోలో నెట్ లేని స్ట్రిప్ నించి బయల్దేరేవాడు గంట ముందు ఎక్కడ అప్‌లోడ్ చేస్తాడ్రా? దొంగ ఎలాగూ ఫారం నింపడు, నింపినా నిజం రాయడు." రెండో ముక్క కొట్టిపారేయలేం. అయినా నా మట్టుకు ఈ రూల్‌లో ఒక మంచి గుణం కనపడింది. విమానం దిగాక అడగడం కాదు, ఎగరక ముందే అడుగుతుంది. గాల్లో ఉన్న ఆయుధాన్ని నేల మీద తనిఖీ చేసి లాభం లేదు కదా.

ఐతే ఇక్కడే మనలాంటి వాళ్ళు బోల్తా పడే చోటు ఉంది. ఫారం పెట్టగానే సమస్య తీరిపోయిందనుకుంటాం. ఒక ప్రాజెక్టులో కస్టమర్ గుర్తింపు నంబరు తప్పనిసరి చేశాం. ఖాళీ వదిలితే ముందుకి పోనివ్వదు. ఆరు నెలల తర్వాత డేటాబేస్ చూస్తే సగం రికార్డుల్లో వరసగా తొమ్మిదులు! ఫీల్డ్ నిండింది, రిపోర్టు పచ్చగా వచ్చింది, అందరం సంతోషించాం. ఆ నంబరు నిజమో కాదో చూసే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. కోడ్ రాసింది నేనే కాబట్టి తిట్టుకునే హక్కు కూడా నాదే.

మన దగ్గరా 2022లో ప్రయాణికుల వివరాలు 24 గంటల ముందే కస్టమ్స్‌కి ఇవ్వాలని ఎయిర్‌లైన్స్‌కి రూల్ పెట్టారు. మంచిదే. కానీ నేను కోరేది ఇంకో ఫారం కాదు. సొంత విమానమైనా సరే, లోపలున్న వాళ్ళ పేర్లు బయల్దేరక ముందే రావాలి. వచ్చిన జాబితా ఎవరు చదివారో, ఏ టైముకి చదివారో రికార్డు కావాలి. హెచ్చరిక అందిన ఆఫీసరు దాన్ని పక్క ఆఫీసుకి తోసేసి చేతులు దులుపుకోకుండా, అవతల అందిందో లేదో కనుక్కునే బాధ్యత కూడా ఆయనదే అవ్వాలి. ఇంకోటి, ముందు చెప్పకుండా అప్పుడప్పుడూ లోపలికెక్కి పెట్టెలు తెరిచి చూడాలి. అది పెద్ద పారిశ్రామికవేత్త విమానమైనా, మంత్రిగారు ఎక్కిన విమానమైనా.

"అంత డబ్బున్నవాళ్ళని ఇబ్బంది పెడితే పెట్టుబడులు రావు" అంటారు కొందరు. ఎకానమీ క్లాసులో పసిపిల్లని ఎత్తుకుని గంట సేపు లైన్లో నిలబడే తల్లికి లేని మినహాయింపు వీళ్ళకెందుకు?

ఇదంతా ఫోన్లో మావయ్యకి చెప్పాను. పురూలియా కథ శ్రద్ధగా విన్నాడు. ఆఖర్న ఒకే మాట అన్నాడు.

"రైతు చీటీలో ఎంత రాసుకొచ్చినా మేం బెల్లం దిమ్మల్ని కాటా మీద పెట్టేవాళ్ళం రా. రైతు మీద అనుమానం ఉండి కాదు, అందరివీ పెడతాం కాబట్టి ఎవరికీ కోపం రాదు."

సెక్యూరిటీ మీద ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. మీరేమంటారు?