గర్భసంచిలో గడ్డ ఉందన్నప్పుడు



పెండ్లయి ఏండ్లు గడిచినా బిడ్డలు కలుగలేదు. నెలసరి ఎక్కువగా పోతున్నదని స్కానింగు తీయించారు. "గర్భసంచిలో గడ్డ ఉంది" అన్న మాట వినగానే ఇంటిల్లిపాదికీ దిగులు పట్టుకుంటుంది. "సంచి తీయించేస్తే పోతుంది" అని ఇరుగుపొరుగువారు సలహా చెబుతారు. ఈ నెల ఆ సలహాను గూర్చి ఆలోచిద్దాము.

గర్భసంచిలో వచ్చే గడ్డలన్నీ ఒకటి కావు. ఎక్కువగా కనబడేవి కండరములో పెరిగే ఫైబ్రాయిడ్లు, లోపలి పొర నుండి వ్రేలాడే పాలిప్‌లు. ఇవి చాలావరకు కాన్సరు కావు. అయితే పాలిప్ వలెనే కనబడే అరుదైన గడ్డ మరొకటి ఉన్నది. దాని పేరు ఎటిపికల్ పాలిపాయిడ్ అడినోమయోమా. 1981లో అమెరికాలో దీనిని గూర్చి వైద్యులు వివరముగా వ్రాశారు. ఇందులో గర్భసంచి పొరలోని గ్రంథులు, కండరము కలిసి పెరుగుతాయి. ఆ గ్రంథుల తీరు మామూలుగా ఉండదు. సుమారు 40 ఏండ్ల వయసువారిలో, బిడ్డలు లేని స్త్రీలలో ఇది ఎక్కువగా బయటపడుతుంది. స్కానింగు చూసి ఇది ఫలానా గడ్డ అని తేల్చలేము. ముక్క తీసి పరీక్ష చేయవలసిందే.

బిడ్డలు కావాలని కోరే స్త్రీకి వెంటనే సంచి తీయనక్కరలేదు. హిస్టరోస్కోపీ అనే పద్ధతిలో, పొట్ట కోయకుండా, సన్నని దుర్బీను గొట్టమును క్రింది నుండి లోపలికి పంపి గడ్డను మొదలంటా తీస్తారు. కొందరికి ప్రొజెస్టెరాన్ జాతి మందులు కూడా ఇస్తారు. ఇలా చికిత్స పొంది, తరువాత బిడ్డలను కన్న తల్లులున్నారు.

కాని గడ్డ తీశారు గదా అని నిశ్చింతగా ఉండరాదు. ఇది మరల రావచ్చును. కొందరిలో దీని ప్రక్కనే కాన్సరు కూడా ఉండవచ్చును. కాబట్టి డాక్టరు చెప్పిన గడువు ప్రకారము మరల మరల ముక్క పరీక్ష చేయించుకోవాలి. కాన్సరు బయటపడినా, ఇక బిడ్డలు అక్కరలేకపోయినా, సంచి తీయించుకొనడమే మంచిదని డాక్టరు చెప్పవచ్చును. అప్పుడు వెనుకాడవద్దు.

ఈ సంగతి మన పల్లెలకు మరీ అవసరము. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. అవసరమై తీయించుకొన్నవారూ వారిలో ఉన్నారు. అయితే ఒకసారి తీసిన సంచి మరల రాదు.

కాబట్టి ఆపరేషనుకు ఒప్పుకొనే ముందు మూడు మాటలు అడగండి. ముక్క పరీక్షలో ఏమి తేలింది? గడ్డ మాత్రమే తీయవచ్చునా? మరల ఎప్పుడు చూపించుకోవాలి? రిపోర్టులన్నీ ఒక సంచిలో భద్రపరచండి. భర్తలు కూడా తమ పరీక్ష చేయించుకోవాలి. బిడ్డలు కలుగకపోవడానికి కారణము ఇద్దరిలో ఎవరిలోనైనా ఉండవచ్చును. అత్తమామలారా, ఈ గడ్డ రావడం కోడలి తప్పు కాదు. ఆమెను నిందించక, ఆస్పత్రికి తోడుగా వెళ్లండి.