ఒక గట్టు సైకిళ్ళకు వదలండి

తెల్లవారుజామున ఐదింటికి భీమడోలు, పూళ్ళ, ఉంగుటూరు ప్రాంతాల్లో హైవే పక్కన కాసేపు నిలబడి చూడండి. సైకిలుకు చెరో పక్క పాల క్యాన్లు తగిలించుకున్నవారు, కూరగాయల గంపతో సంతకు పోయేవారు, కూలికి పోయేవారు, తెల్లగీత అవతల ఉన్న జానెడు జాగాలో బిక్కుబిక్కుమంటూ పోతుంటారు. వెనక లారీ హారను మోగిందంటే సైకిలు మట్టిలోకి దించవలసిందే. ఎనిమిది దాటాక అదే జాగాలో బడిపిల్లలు వస్తారు. పిల్ల ఇంటికి వచ్చేదాకా తల్లికి మనసు మనసులో ఉండదు.

ఆ హైవేకి ఎంతో దూరం లేకుండానే ఏలూరు కాలువ పారుతూ ఉంటుంది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా రైలు పట్టా, రోడ్డు, కాలువ చాలా మేర ఇరుగుపొరుగుల్లా నడుస్తాయి. కాలువకు రెండు గట్లున్నాయి. ఒక గట్టు మీద చాలాచోట్ల ఏదో ఒక రోడ్డు పడింది. రెండో గట్టు ఎవరికీ పట్టదు. ఒకచోట ముళ్ళకంప, ఇంకోచోట చెత్తకుప్ప, మరోచోట టిప్పరు చేసిన మోకాలిలోతు గోతులు. ఆ రెండో గట్టును సైకిళ్ళకు, నడిచేవారికి వదలమన్నదే ఈ వ్యాసంలో అడుగుతున్న సంగతి.

గట్టంటే వాహనాల కోసం వేసిన రోడ్డు కాదని మనం మరిచిపోయాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర తవ్వించిన కాలువలు పొలాలకు నీళ్ళిచ్చేవే కాక పడవలు నడిచే దారులు కూడా. విజ్జేశ్వరం దగ్గర బయలుదేరే గోదావరి నీరు, బెజవాడ దగ్గర బయలుదేరే కృష్ణ నీరు ఏలూరులో కలుస్తాయి. ధాన్యం పడవలు ఈ దారినే తిరిగేవి. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. ఆ నడిచేవారి పాదాలకే గట్టు మీద బాట పడింది. బస్సులు, లారీలు వచ్చి పడవలు పోయాయి. 2008లో కేంద్ర ప్రభుత్వం కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా నాలుగో జాతీయ జలమార్గం ప్రకటించి, అందులో 139 కిలోమీటర్ల ఏలూరు కాలువను కూడా చేర్చింది. 2017లో పనులు మొదలైంది మాత్రం కృష్ణానదిలో, ముక్త్యాల, విజయవాడల మధ్య. మన కాలువలో ఇప్పటికి తిరుగుతున్నది గుర్రపుడెక్క. పడవలు వచ్చే రోజు వస్తే సంతోషమే. అంతదాకా గట్టు ఎందుకు వృథా కావాలి?

ఇటువంటి గట్లు ఫ్రాన్సు దేశంలో కూడా ఉన్నాయి. అక్కడ బర్గండీ అని ఒక సీమ. మనకు వరి ఎలాగో వారికి ద్రాక్ష అలాగ. నది లోయ పొడుగునా ద్రాక్షతోటలు, ఊరూరా వైను తయారీ. అక్కడి కాలువల్లోనూ ఒకప్పుడు గట్టు మీద గుర్రాలను నడిపించి పడవలు లాగించేవారు. పడవల వ్యాపారం తగ్గాక ఆ గుర్రపు బాటలనే సైకిలు బాటలు చేసుకున్నారు. 1997లో అదే సీమలో గివ్రీ నుంచి క్లూనీ వరకు మూతపడిన రైలు దారిని, 44 కిలోమీటర్లు, మోటారు బండి రాకుండా సైకిళ్ళకు, నడిచేవారికి ఇచ్చేశారు. ద్రాక్షతోటల మధ్య నుంచి పోయే ఆ బాట చూడడానికి ఇప్పుడు ఎక్కడెక్కడివారో వస్తున్నారు. వారికి ద్రాక్షతోట, మనకు తాటితోపు. మన గట్ల మీద కూడా తాళ్ళున్నాయి, లొట్టెలు సైకిలుకు కట్టుకుని పోయే గీత కార్మికులున్నారు. పోలిక అంతవరకే. వారికి సైకిలు సెలవునాటి సరదా. మనకు అది పొట్టకూటి బండి. సరదా బండికే అంత దారి వేసిన వారిని చూసి, పొట్టకూటి బండికి మనం ఎంత దారి వేశామో లెక్క చూసుకోవాలి.

అంత దూరం ఎందుకు, హైదరాబాదులో ఔటరు రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరు 1న తెరిచారు. ఎండ తగలకుండా పైన కప్పు, ఆ కప్పు మీద కరెంటు పుట్టించే సౌరపలకలు. అందులో ఒక దారి నార్సింగి నుంచి కొల్లూరు దాకా పోతుంది. ఆ కొల్లూరుకు కప్పున్న బాట వచ్చింది, మన కొల్లేరు వైపు బురద బాట అలాగే ఉంది. మనం కప్పు అడగడం లేదు. కాలువగట్టు మీద చెట్లుంటే చాలు, నీడ అవే ఇస్తాయి.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. దానివల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారని ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. సైకిలు ఇచ్చారు సరే, దారి ఏది? ఊరి బడిలో చదువు అయిపోయాక హైస్కూలుకు నాలుగైదు కిలోమీటర్లు పోవలసిన పిల్ల హైవే ఎక్కాలంటే ఏ తండ్రి ధైర్యం చేస్తాడు? సైకిలు చూరు కింద చేరుతుంది. పిల్ల ఆటోలో పది మందితో ఇరుక్కుని పోతుంది, ఆటో డబ్బులు లేని నెలలో ఇంట్లో ఉండిపోతుంది.

గట్టు నిర్మానుష్యంగా ఉంటుంది, ఆడపిల్లను ఒంటరిగా ఎలా పంపుతామని అడిగేవారుంటారు. సరైన ప్రశ్నే. పాములూ ఉంటాయి, చీకటి పడితే తాగుబోతులూ ఉంటారు. మనుషులు నడవని దారి ఎప్పుడూ భయంగానే ఉంటుంది. కంప కొట్టించి, ఊళ్ళ దగ్గర దీపాలు పెట్టి, పాలవాళ్ళు, బడిపిల్లలు, పొలం పోయేవాళ్ళు అందరూ అదే దారి పడితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. కాలువ వైపు అంచున సున్నం కొట్టిన రాళ్ళు పాతించడం కూడా అవసరం. రాత్రిపూట అంచు తెలియక కాలువలో పడే ప్రమాదం సైకిలుకైనా తప్పదు.

ఇక రెండో ప్రశ్న రైతులది. ధాన్యం బస్తాలు ఏ దారిన తోలుకోవాలి, కోత మిషను ఏ దారిన రావాలి? చేపల చెరువుల వారికి మేత బస్తాలు రావాలి, పట్టిన చేప ఐసు పెట్టెల్లో పోవాలి. వీరిని కాదనడానికి లేదు. అందుకే రెండు గట్లూ అడగడం లేదు. ఒక గట్టు బండ్లకు, ఒక గట్టు సైకిళ్ళకు. ఒకే గట్టు నడవడానికి వీలున్న చోట కోతల రోజుల్లో ట్రాక్టరు పోనివ్వవచ్చు. పోనివ్వకూడనివి గ్రావెలు టిప్పర్లు, చేపల లారీలు. గట్టు కట్టింది నీటిని ఆపడానికి. బరువు బండి చక్రాలు గోతులు చేస్తాయి, గోతిలో వాన నీరు నిలుస్తుంది, గట్టు లోపల మెత్తబడుతుంది, వరద వచ్చిన రోజున అక్కడే గండి పడుతుంది. నందమూరు అక్విడక్టు దగ్గర ఎర్రకాలువ పొంగినప్పుడల్లా నిద్ర మానుకునే రైతులకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. సైకిలు వల్ల ఏ గట్టుకూ గండి పడదు.

గట్ల మీద గుడిసెలు వేసుకున్న బీదవారి మాట కూడా చెప్పి తీరాలి. సైకిలు బాట పేరు చెప్పి వారిని లేవగొట్టే పని అయితే ఆ బాటే మనకు వద్దు. ఇళ్ళున్న మేర బాట ఊళ్ళోంచి చుట్టు తిరిగి మళ్ళీ గట్టు ఎక్కవచ్చు. పడిపోయేదేమీ లేదు.

కొల్లేరు లోపలి సంగతి కాలువ సంగతి వంటిది కాదు. అక్కడ కొత్తగా ఒక తట్ట మట్టి వేయకూడదు, సైకిలు కోసమైనా సరే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరంతా సరస్సులో పరుచుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. అడ్డంగా వేసిన ప్రతి గట్టూ ఆ నీటిని నిలబెట్టి ఎగువ పొలాలను ముంచుతుంది. 1999లో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. మళ్ళీ ఎలా లేచాయో లంకల వారికి తెలుసు, అది ఇక్కడ వద్దు. కొల్లేరులో అడిగేది ఉన్న దారుల గురించే. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డులో పెద ఎడ్లగాడి వంతెన వైపు వానాకాలం నీరు ఎక్కితే లంక గ్రామాలవారికి రాకపోకలే కష్టం. వేసవిలో రోడ్డు బాగున్నప్పుడు చేపల లారీల హోరు. ఆ రోడ్డు అంచున రెండు గజాలు గట్టిపరిచి సైకిలుకు గీత గీస్తే కొత్త గట్టు అక్కరలేదు. ఆటపాక దగ్గర గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను చూడడానికి వచ్చేవారికి కూడా ఆఖరి కిలోమీటరు సైకిలు మీద పోయే ఏర్పాటు చేస్తే పక్షులు బెదరవు, అద్దె సైకిళ్ళ మీద లంక కుర్రాళ్ళకు నాలుగు రూపాయలు మిగులుతాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు ఫాల్గుణంలో వచ్చే జనానికీ ఇదే పనికి వస్తుంది.

దీనికి కోట్లు కావాలని ఎవరైనా అంటే నమ్మకండి. డెల్టా నల్లమట్టి సంగతి సైకిలు తొక్కినవారికి తెలుసు. ఒక జల్లు పడితే మట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో బిగుసుకుంటుంది. సైకిలు మనిషిని మోయడం పోయి మనిషి సైకిలును భుజాన వేసుకుని నడవాలి. అందుకని ఆరడుగుల వెడల్పున గ్రావెలు పరిచి, రోలరు తిప్పి, నీరు పోవడానికి వాలు ఇవ్వాలి. తారు అక్కరలేదు. తారు వేస్తే మరునాడే కార్లు వస్తాయి. గట్టు ఎక్కే ప్రతిచోటా మూడడుగుల ఎడంతో రాతి స్తంభాలు పాతితే సైకిలు, మనిషి, గొడ్డు పడతాయి, లారీ పట్టదు. మోటారు సైకిలు దూరుతుందా అంటే దూరుతుంది. దానికి ఊరి పెద్దలే అడ్డం నిలవాలి. స్తంభాలు రాకముందు తాటిదుంగ అడ్డం వేసినా పని జరుగుతుంది.

ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు ఒక జిల్లా, తాడేపల్లిగూడెం ఒక జిల్లా. కాలువ మాత్రం ఒక్కటే. ఇటు వారు అటు వారిని చూపించి, అటు వారు ఇటు వారిని చూపించి కాలం గడపకుండా, కలెక్టర్లిద్దరూ జలవనరుల శాఖ ఇంజనీర్లను ఒక్క బల్ల దగ్గర కూర్చోబెడితే సగం పని అయినట్టే. ముందుగా తాడేపల్లిగూడెం, ఉంగుటూరుల మధ్య ఒక పది కిలోమీటర్లు చేసి చూపించినా చాలు.

గట్టు పని కాలువలు కట్టేసినప్పుడే సాగుతుంది. వేసవిలో నీరు ఆపి మళ్ళీ జూన్‌లో వదిలేదాకా ఉండేది కొద్ది వారాలే. పూడికతీత, లాకుల మరమ్మతు, షట్టర్ల పని ఆ వారాల్లోనే. అంచనాలు మాత్రం అంతకు నెలల ముందే తయారవుతాయి. కనుక గట్టు వారగా ఉన్న పంచాయతీలు వచ్చే గ్రామసభలోనే తీర్మానం రాసి, తమ ఊరి మేర ఏ గట్టు ఖాళీగా ఉందో, ఎక్కడ ఇళ్ళున్నాయో, ఎక్కడ చప్టా విరిగిందో కాగితం మీద గీసి డెల్టా ఇంజనీరు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.