గునుగు పువ్వు - మన చూపు



వార్షికోత్సవ సంచికలో చదువు, క్రమశిక్షణ, లక్ష్యం గురించి చాలామంది రాస్తారు. రాయాలి కూడా. నేను మాత్రం మన హాస్టల్ ప్రహరీ పక్కన ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే మొక్కల గురించి, వాటిని ఫొటో తీయడం గురించి రాస్తున్నాను. ఆ కళ మనకు చాలా అవసరమని నా అభిప్రాయం.

మన ఫొటోలు ఎప్పుడు తీస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. దుప్పట్లు ఇచ్చినప్పుడు, నోటు పుస్తకాలు పంచినప్పుడు తీస్తారు. వాటిలో మనం చేతులు చాచి వరుసలో నిలబడి ఉంటాం. అది మనల్ని ఇతరులు చూసిన చూపు. మనం లోకాన్ని చూసిన చూపు ఏ ఆల్బమ్‌లోనూ లేదు. తీరా సెల్‌ఫోన్ మన చేతికి దొరికితే ఏం చేస్తున్నాం? ఎక్కడో చూసిన గులాబీ ఫొటోలాంటిదే మళ్లీ తీసి, రంగులు పెంచి సంతోషపడుతున్నాం. అది అందంగానే ఉండవచ్చు. కానీ అందులో మనం లేము.

జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ (1865-1932) అనే ఆయన ఉండేవారు. మొదట ఇనుము పోత పని నేర్చుకున్నారు. తర్వాత బెర్లిన్‌లో కళా పాఠశాల ఉపాధ్యాయుడయ్యారు. విద్యార్థులకు చూపించడానికి మామూలు మొక్కలను సహజ కాంతిలో, ఎన్నో రెట్లు పెద్దవిగా ఫొటోలు తీశారు. 1928లో అవి పుస్తకంగా వచ్చి ఆయనకు పేరు తెచ్చాయి. వాటిలో ఫెర్న్ చిగురు ఇనుప కమ్మీని వంచి చేసినట్టు కనిపిస్తుంది. పోత పని తెలిసిన కన్ను అలా చూసిందని నాకనిపిస్తుంది.

మరి మన కంటికి ఏం తెలుసు? మనలో చాలామంది అమ్మలు కలుపు తీసే కూలికి పోతారు. గరిక, తుంగ, గునుగు... ఆకు చూసి పేరు చెబుతారు. గునుగు చేనులో కలుపు. అదే గునుగు బతుకమ్మలో వరుసలుగా పేర్చే పువ్వు. దాన్ని పీకి గట్టు మీద పారేసేదీ, నెత్తిన పెట్టుకొని చెరువుకు మోసేదీ ఆ తల్లే. ఇది తెలిసినవారు తీసే గునుగు ఫొటో, తెలియనివారు తీసే ఫొటో ఒకేలా ఉండవు.

దీనికి ఖరీదైన కెమెరా, లైట్లు అక్కర్లేదు. పొద్దు పొడిచాక మొదటి గంటలో ఎండ ఏటవాలుగా పడుతుంది. ఆకు మీది నూగు, ఈనెలు స్పష్టంగా తేలుతాయి. సూర్యుడికి ఎదురుగా ఉండి తీస్తే గునుగు కంకి అంచు వెలుగుతుంది. మధ్యాహ్నపు ఎండ దాన్ని వట్టి తెలుపు చేస్తుంది. మబ్బు రోజున నీడలు మెత్తబడతాయి. నీడవైపు మరీ చీకటిగా ఉంటే ఒక తెల్ల కాగితం పక్కన పట్టుకోండి, వెలుగు తిరిగి పడుతుంది. ఫ్లాష్ ఆపేయండి. మోకాళ్ల మీద కూర్చొని మొక్క ఎత్తు నుంచే చూడండి. తెంపకండి.

"ఫొటోలు ఉద్యోగం ఇస్తాయా?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన ఇళ్లలో ఉద్యోగమంటే తిండి. ఫొటో ఉద్యోగం ఇస్తుందని నేను చెప్పను. అయితే మనం ఏం నేర్చుకున్నామో పరీక్ష అడుగుతుంది. మనం ఏం చూశామో ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి. అందుకు వారానికి ఒక గంట ఇస్తే చదువు చెడదు.

కనుక నా విన్నపం ఇది. వార్డెన్ గారి అనుమతితో ఆదివారం ఉదయం ఒక గంట కేటాయిద్దాం. పదిమందికి ఒక ఫోన్ చాలు. ఒక్కొక్కరు ఒక మొక్క, ఒక ఫొటో. దాని కింద ఆ మొక్కను మీ ఊళ్లో పిలిచే పేరు, దాన్నే ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం రాయండి. పూర్వ విద్యార్థులైన అన్నలు ప్రింట్ల ఖర్చు భరిస్తే, వచ్చే వార్షికోత్సవానికి భోజనశాల గోడ మీద అంటిద్దాం. అతిథులు మన ఫొటోలు తీసే ముందు, మనం తీసినవి కాసేపు చూడనిద్దాం.