ఈ నేలలోని చరిత్ర మనది కాదా?

చరిత్ర పాఠము వచ్చినపుడు మన విద్యార్థులలో ఒక విచిత్రమైన ఉదాసీనత కనుపించుచుండును. ఓరుగల్లు కోట అనగానే కన్నులు మెరయును. రాయగఢము అనగా పరీక్షకు వచ్చునా అని అడుగుదురు. ఇక తాము పుట్టి పెరిగిన సోలాపుర పరిసరముల ప్రసక్తి వచ్చినచో, అది పొరుగింటివారి సంగతి యన్నట్లు ఊరకుందురు. తలిదండ్రుల మాటలలోను ఇదే ధ్వని. "మాది కరీంనగరం దిక్కు, మేము బతుకనీకి వచ్చినోళ్లము" అని మూడు నాలుగు తరములుగా ఇక్కడనే పుట్టినవారు సైతము చెప్పుచుందురు. పూర్వుల ఊరిని మరువకుండుట మంచిదే. కాని, దానివలన ఇక్కడి నేలలో దొరకుచున్న చరిత్రతో మనకేమియు సంబంధము లేదనుకొనుట సరికాదని నా వాదము.

మొదట తేరు గ్రామమును చూడుడు. అది మన పొరుగుననున్న ధారాశివ జిల్లాలో, అనగా పూర్వపు ఉస్మానాబాదు జిల్లాలో, తేర్ణా నది యొడ్డున కలదు. ఇప్పుడు సామాన్యమైన పల్లె. క్రీస్తు శకము మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాన గ్రంథమున 'తగర' మను పట్టణము పేర్కొనబడినది. పైఠణమునకు తూర్పుగా పది దినముల ప్రయాణము. అచ్చటినుండి ముతక బట్టలు విస్తారముగను, సన్నని వస్త్రములు పలు రకములును బండ్లమీద భరుకచ్ఛపు రేవునకు పోవుచుండెనని అతడు తెలిపెను. ఆ తగరమే ఈ తేరు అని 1901లో ఫ్లీటు పండితుడు నిరూపించెను. నేసిన బట్టలను బండ్ల కెత్తి దూరదేశములకు పంపుట మన పేటలలోని పిల్లలకు కొత్త విషయమా? రెండు వేల యేండ్ల క్రిందటనే ఈ ప్రాంతపు పేరు సముద్రముల కావలకు పోయినది వస్త్రమువలననే. తేరులో జరిగిన త్రవ్వకములలో బయల్పడిన తొట్లను బట్టలకు రంగులద్దు తొట్లుగా పండితులు గుర్తించిరి. ఆ యూర దొరకిన దంతపు స్త్రీమూర్తి వంటిదే 79వ సంవత్సరమున అగ్నిపర్వతపు బూడిదలో కప్పబడిన ఇటలీలోని పాంపేయి నగరమునను దొరకినది. అంత దూరపు రాకపోకలకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

తేరు విషయమున నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి కలదు. ఆ పాతవస్తువులను కాపాడినవారిలో ముఖ్యుడు ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యుడును కాడు. ఆ యూరివాడే యగు రామలింగప్ప లామతురే గారు పొలములలోను, దిబ్బలలోను పైబడిన మట్టిబొమ్మలు, పూసలు, నాణెములు ఓపికతో కూర్చిరి. ఆ సేకరణయే నేటి తేరు ప్రభుత్వ మ్యూజియమునకు మూలము. దానికి ఆయన పేరే పెట్టిరి.

పొరుగు రాష్ట్రమున నేను పండిత శిక్షణ పొందుచున్న కాలమున మెదకు ప్రాంతపు కొండాపురము మ్యూజియమును చూచితిని. పిదప తేరులోని మ్యూజియమును చూచినపుడు ఆ రెండును ఒకే యింటి గదులవలె తోచినవి. తెల్లని సుద్దమట్టితో, రెండు అచ్చుల నడుమ నొత్తి చేసిన బొమ్మలు అక్కడను ఉన్నవి, ఇక్కడను ఉన్నవి. శాతవాహనుల నాణెములు అక్కడను ఉన్నవి, ఇక్కడను ఉన్నవి. మన పెద్దలు తలచుకొను కరీంనగరము దిక్కుననే గోదావరి యొడ్డున కోటిలింగాల కలదు; ఆ వంశపు మొదటి రాజుల నాణెములు అచ్చట దొరకినవి. పైఠణము, తేరు, కొండాపురము, కోటిలింగాల – ఇవన్నియు ఒకప్పుడు ఒకే యేలుబడిలోని ఊళ్లు. మన తాతలు కాలినడకన వచ్చిన త్రోవ అంతకు ఎన్నో శతాబ్దుల ముందే బండ్ల చక్రములక్రింద అరిగిన త్రోవ. ఇది తెలిసినచో "పరాయి నేల" అను మాట నోట నంత సులభముగా రాదు.

వలస వచ్చిన నేతగాండ్రు రాతిపై తమ చరిత్రను తామే వ్రాయించుకొన్న ఉదాహరణము కూడ మన దేశమున కలదు. మధ్యప్రదేశములోని మందసోరునకు పూర్వనామము దశపురము. గుజరాతు ప్రాంతమైన లాటదేశమునుండి పట్టునేతగాండ్ర శ్రేణి ఒకటి ఆ యూరికి తరలి వచ్చి, 437 ప్రాంతమున సూర్యదేవాలయము కట్టించెను. ముప్పదియారేండ్లకు దానిని మరమ్మతు చేయించి, వత్సభట్టి యను కవిచేత సంస్కృత శ్లోకములు వ్రాయించి రాతిపై చెక్కించెను. వారిలో కొందరు తమ నేతను విడువక సాగించిరనియు, కొందరు విలువిద్య, కొందరు జ్యోతిషము చేపట్టిరనియు అందు కలదు. అనగా సరిగా మన పేటల కథయే! మన పిల్లలలోను కొందరు మరమగ్గముల కడ నిలిచిరి, కొందరు వైద్యులైరి, కొందరు పుణెలోని కంపెనీలలో చేరిరి. భేదమేమనగా, వారు వ్రాయించుకొనిరి. మనము మార్కండేయ దేవాలయము కట్టుకొంటిమి, రథము లాగుచున్నాము గాని, మన రాకను గూర్చి వ్రాసి పెట్టుకొన్నది స్వల్పము.

ఇక మన జిల్లాకే వత్తము. భీమ, సీనా నదులు కలియు హత్తరసంగ్ కూడల్‌కు మన విద్యార్థులు వనభోజనములకు పోవుచుందురు. అచ్చటి బహుముఖలింగమును, దానిమీది 359 ముఖములను చూచి ఆశ్చర్యపడి వత్తురు. సంగమేశ్వరాలయమున శక సంవత్సరము 940, అనగా 1018 నాటి శాసనమును మాత్రము చూడకయే వత్తురు. తేదీగల అతి ప్రాచీన మరాఠీ శాసనములలో అది యొకటి. దీనిని చదివినవాడు విజయి యగునని దాని యర్థము. వేయి సంవత్సరములనాటి ఆ శిల్పి కోరినది చదువరిని. మనవారు దాని ప్రక్కన నిలిచి ఫొటో దిగి మరలి వత్తురు. సోలాపుర జిల్లా శాసనములను వెదకి వెలికి తెచ్చుటలో ఆనంద్ కుంభార్ గారు జీవితమంతయు శ్రమించిరి. అట్టివారి తరువాత ఆ పనికి పూనుకొనువారెవరు?

ఇచ్చటనే నా ముఖ్యాభిప్రాయము చెప్పవలసియున్నది. ఈ జిల్లాలోని కల్యాణి చాళుక్యుల నాటి శాసనములు ఎక్కువగా కన్నడమున నున్నవి. ఆ కాలమున తెలుగు లిపియు కన్నడ లిపియు వేరుపడక దాదాపు ఒకటిగనే యుండెను. కనుక తెలుగు బడిలో చదువుకొన్న పిల్లవాడు ఆ రాతి యెదుట నిలిచినచో కొన్ని అక్షరములనైనను గుర్తుపట్టగలడు. తక్కినవి అభ్యాసమున పట్టుబడును. మరాఠీ నేర్చుట చేత దేవనాగరియు వానికి వచ్చును. కూడల్ శాసనమును, దాని పొరుగు కన్నడ శాసనములను రెంటిని సమీపింపగల యోగ్యత మన పిల్లలకు బడిలోనే లభించుచున్నది. "తెలుగు చదివి యేమి లాభము?" అని ప్రతి జూన్ మాసమున పిల్లవాని పేరు తీసివేయించుటకు వచ్చు తండ్రులకు నేను చెప్పు సమాధానములలో ఇది యొకటి. ఉద్యోగమును గూర్చిన వారి భయము అన్యాయమైనదని నేననను. కాని ఆంగ్లము వచ్చుటకై తెలుగు పోవలెనను లెక్క నాకు బోధపడదు.

సాహిత్యము చదువువారికి ఇంకొక మాట. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున వచ్చు బిజ్జలుడు మన మంగళవేఢనుండియే మొదట ఏలినవాడు. బసవని కాలమువాడే యగు సిద్ధరాముడు సొన్నలిగె అను నీ యూర చెరువు నిర్మించి, శ్రీశైల మల్లికార్జునుని కొలిచెను. కోటలోపల నేటికిని మల్లికార్జునాలయపు శిథిలములున్నవి. సాయంకాలము పల్లీలు కొనుక్కొని తిరుగు చోటే అది.

ఊళ్లలోని రాళ్ల దుస్థితి తలచుకొనిన బాధ కలుగును. వీరగల్లులకు ఏటేట నూనెరంగు పూయుదురు. చెక్కిన అక్షరములు ఆ పూతక్రింద పూడిపోవును. శాసనపు బండపై బట్టలుతుకుదురు. భక్తితో చేసినను, అలక్ష్యముతో చేసినను రాతికి కలుగు హాని యొక్కటే. ఇంగ్లండులో 1997 నుండి ఒక ఏర్పాటు కలదు: దున్నిన చేలలో సామాన్యునకు నాణెమో, పెంకో దొరకినచో తన ప్రాంతపు అధికారికి చూపును, అతడు దాని స్థలము, కొలతలు వ్రాసికొనును. ఇట్లు 15 లక్షలకు మించిన వస్తువులు లెక్కకెక్కినవి. మన దేశమున 1878 నాటి చట్టము ప్రకారము నేలలో దొరకిన పది రూపాయలకు మించిన విలువగల నిధిని కలెక్టరునకు తెలుపవలెను. ఇది ఎంతమందికి తెలియును? తెలిసినవారును పోలీసుల భయమున నోరు మెదపరు. వస్తువు కంసాలి మూసలోనికి పోవును. వస్తువుతోపాటు అది దొరకిన చోటి కథయు కరగిపోవుట అంతకంటె నష్టము.

మన పేటలను కూడ ఈ దృష్టితో చూడవలెను. పాత ఇండ్లు కూలి సిమెంటు మేడలు లేచుచున్నవి. గుంటమగ్గపు గుంటలను మట్టితో పూడ్చి పైన గచ్చు చేయుచున్నారు. త్రవ్వకములు జరుపు పండితుడు కదురునకు తగిలించు చిన్న మట్టిబిళ్లను బట్టియే ఇచ్చట నూలు వడికిరని చెప్పును. మన ఇంటి గుంట లోతెంత, ఏ గోడ ప్రక్క నుండెను, ఎవరు కూర్చుండి నేసిరి అనునవి చెప్పగల అవ్వలు, తాతలు నేడింకను ఉన్నారు. 1877లో స్థాపించిన పాతమిల్లు మూతపడినది. అందు పనిచేసినవారి మనుమలు మన తరగతులలో నున్నారు.

కావున ఈ దీపావళి సెలవులలో ప్రతి విద్యార్థియు ఒక్క రాతిని గూర్చియో, ఒక్క మగ్గపు గుంటను గూర్చియో అరపుట వ్రాసి తీసికొని రావలెనని కోరుచున్నాను. ఊరు, చోటు, పొడవు వెడల్పులు, చెప్పిన పెద్దల పేరు – ఇవి చాలును. గ్రంథాలయమున ఒక లావుపాటి పుస్తకము పెట్టి, అన్నిటిని అందు ఎక్కించెదము. రాతిని త్రవ్వరాదు, కదల్పరాదు, అక్షరములలో సున్నము నింపరాదు. ఫొటో తీయువారు మధ్యాహ్నపు టెండలో పోయిన లాభము లేదు. ఉదయము ఏడు గంటల వేళ వెలుగు ఏటవాలుగా పడునపుడు అరిగిన అక్షరముల అంచులు నీడ దేరి స్పష్టముగా కనబడును.