కుక్క ఎందుకు నవ్వుతోంది?

గడ్డిలోంచి బాతు ఎగురుతుంది. పిల్లాడు ప్లాస్టిక్ తుపాకీ ఎత్తి, టీవీకి గురిపెట్టి టక్కున నొక్కుతాడు. తగిలితే బాతు కిందపడుతుంది. గురి తప్పిందా... గడ్డిలోంచి ఓ కుక్క లేచి కిసుక్కున నవ్వుతుంది! 1984లో నింటెండో తయారుచేసిన 'డక్ హంట్' ఆట ఇది. తొంభైల్లో నకలు వీడియోగేమ్ పెట్టెలతోపాటు ఆ బాతులూ ఆ తుపాకీ తెలుగిళ్లకీ వచ్చేశాయి. వేసవి సెలవుల్లో 'ఇప్పుడు నా వంతంటే నా వంత'ని అన్నాచెల్లెళ్లు జుట్లు పట్టుకున్న ఇళ్లెన్నో!

ఆ పిల్లలిప్పుడు అమ్మానాన్నలయ్యారు. అటకమీంచి ఆ పెట్టె దించి, కొత్త టీవీకి తగిలించి, పిల్లల ముందు తమ ప్రతాపం చూపించాలనుకుంటే మాత్రం భంగపాటు తప్పదు. ఎన్నిసార్లు నొక్కినా బాతు పడదు, కుక్క నవ్వు ఆపదు. తప్పు గురిది కాదు, తుపాకీదీ కాదు. టీవీది!

గీత వెంట గీత

పాత డబ్బా టీవీలో ఉండేది పిక్చర్ ట్యూబ్. సీఆర్‌టీ అన్నా అదే. దాని వెనకనుంచి వచ్చే ఎలక్ట్రాన్ల ధార తెరమీద బొమ్మను పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా గీసుకుంటూ పోతుంది. అమెరికా, జపాన్ టీవీల్లో సెకనుకు దాదాపు 15,700 గీతలు! తుపాకీ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని డబ్బా వెలుగుతుంది. గీతల వేగంతో మిణుకుమనే ఆ వెలుగునే తుపాకీలోని సెన్సర్ పసిగడుతుంది. ఎల్‌సీడీ తెర అలా మిణుకుమనదు. పైగా చాలా టీవీలు బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తాయి. ఇక తుపాకీ ఏం చేస్తుంది పాపం!

తుపాకీతో పనిలేని ఆటలకూ ఇంకో చిక్కుంది. పాత యంత్రాలు మూలనపడ్డా ఆటలు బతికే ఉన్నాయంటే కారణం ఎమ్యులేటర్లు. అంటే, కంప్యూటర్‌ని పాత యంత్రంలా నటింపజేసే సాఫ్ట్‌వేర్లు. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో విడుదల చేసిన 'మేమ్' వాటిలో పేరున్నది. దాంతో ఆట ప్రాణం దక్కింది. రూపు మాత్రం మారిపోయింది.

ఎందుకంటే నాటి ఆటలు చాలావరకూ 240 గీతల లోపే. నేటి ఫుల్ హెచ్‌డీ తెరలో 1080 వరసలుంటాయి. 240 గీతల్ని వాటిలో నింపాలంటే ఒక్కోదానికి నాలుగున్నర వరసలు. 'అర' వరస ఉండదు కదా! అందుకే ఒక గీత నాలుగు వరసలు, పక్కది అయిదు వరసలు ఆక్రమిస్తుంది. లేదంటే బొమ్మంతా అలికినట్టవుతుంది. అదే సీఆర్‌టీలో గీతకూ గీతకూ మధ్య సన్నని చీకటి సందుంటుంది. ఆ సందే అంచుల గరుకుదనాన్ని కప్పేసి బొమ్మకి నిండుదనం తెచ్చేది.

1991లో వచ్చిన 'సోనిక్'లో జలపాతమే చూడండి. అసలు బొమ్మలో ఉన్నవి నిలువు చారలే. మామూలు వీడియో తీగలోంచి పాత టీవీలోకి వచ్చేసరికి అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, వెనకున్నది కనిపించే నీటి తెరలా మారేవి. అదే బొమ్మ కొత్త తెరమీద కటకటాల్లా కనిపిస్తుంది!

పుట్టినప్పటి రూపంలో...

అందుకే కొందరు అభిమానులు కంప్యూటర్‌ని పాత సీఆర్‌టీకే కలుపుతున్నారు. ఆట ఎన్ని గీతలతో పుట్టిందో అన్నే గీతలతో, అదే వేగంతో చూడాలన్నది వాళ్ల పట్టుదల. ఉదాహరణకి 1980 నాటి 'ప్యాక్‌మ్యాన్' బొమ్మ వెడల్పు 224 చుక్కలు, ఎత్తు 288. మానిటర్‌ని పక్కకి తిప్పి నిలబెట్టేవారు. బొమ్మ మారేది సెకనుకు 60 సార్లు కాదు, 60.6 సార్లు. ఆ కాస్త తేడాకే మామూలు తెరమీద రెండు సెకన్లలోపే ఒకసారి ఆట తడబడుతుంది. ఇలా ఏ ఆట లెక్క దానికి సరిచేసేందుకే 'గ్రూవీమేమ్' అనే ప్రత్యేక రూపం వచ్చింది.

పాత సీఆర్‌టీ అయినంత మాత్రాన సరిపోదు. కంప్యూటర్ మానిటర్లు చాలావరకూ సెకనుకు 30 వేల గీతలకి తక్కువైతే ఒప్పుకోవు. వాటిమీద ప్రతి గీతనీ రెండుసార్లు గీయాలి, లేదా ప్రతి బొమ్మనీ రెండుసార్లు చూపాలి. మొదటి పద్ధతిలో చీకటి సందులు పోతాయి, రెండోదాంట్లో పరుగెత్తే బొమ్మకి నీడ తోడవుతుంది. అదే పాత టీవీకి ఆ గీతల లెక్క పుట్టుకతోనే వచ్చు.

కానీ ఆ టీవీలు ఇక రావు. పెద్ద కంపెనీలన్నీ ట్యూబుల తయారీ ఎప్పుడో ఆపేశాయి. ఉన్నవాటిలో ఏటా కొన్ని తుక్కులోకి పోతున్నాయి. ఆట ప్రోగ్రాముని వెయ్యి కాపీలు తీసుకోవచ్చు, పిక్చర్ ట్యూబుని తీయలేం. గీతల్నీ సందుల్నీ అనుకరించే ఫిల్టర్లు ఎమ్యులేటర్లలో ఉన్నాయి. టీవీ లేనివాళ్లకి అవే దిక్కు.

ఇంట్లో డబ్బా టీవీ ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు ఓసారి ఆలోచించండి. పనిచేస్తుంటే అడిగి తీసుకెళ్లేవాళ్లు ఉండొచ్చు. పాడైతే మాత్రం సొంతంగా విప్పొద్దు. ప్లగ్ పీకేసినా లోపల వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. గాజులో సీసం ఉంటుంది కాబట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి.

బాగున్నదాన్ని మాత్రం ఓ మూల ఉండనివ్వండి. సెలవులకి మనవలొచ్చినప్పుడు, కనీసం అప్పుడైనా కుక్క నవ్వు ఆగుతుంది!