కోనసీమలో తెగులు, కాఫీలో మందు

పోయిన నెలలో ఒక ఆదివారం మా పెద్దమ్మ కొడుకు ఇంటికొచ్చాడు. మంచీ చెడ్డా మాట్లాడుకున్నాక సంచిలోంచి ఎర్ర డబ్బా ఒకటి తీసి టీపాయ్ మీద పెట్టాడు. ‘‘మామూలు కాఫీ మానెయ్‌రా, ఇది తాగు’’ అన్నాడు. లోపల ఇరవై ప్యాకెట్లున్నాయి, కప్పుకొకటి. ఏయే జబ్బులకి పనిచేస్తుందో వరసపెట్టి చెప్పుకొచ్చాడు: షుగరు, బీపీ, థైరాయిడు, మోకాళ్లు, నిద్ర పట్టకపోవడం. క్యాన్సరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు కాస్త తగ్గించాడు. నేనూ ఏజెంటుగా చేరి, నా కింద ఇంకో ఇద్దరిని చేర్పిస్తే నా కాఫీ ఖర్చు నాకు తిరిగొచ్చేస్తుందట. అన్నయ్య బ్యాంకులో ముప్పయ్యేళ్లు అప్పుల కాగితాలు తిరగేసి రిటైరైన మనిషి. పూచీ లేకుండా పైసా ఇచ్చేవాడు కాదు. ఈ డబ్బాకి పూచీ ఎవరని మాత్రం అడిగినట్టు లేడు.

డబ్బా మీద ఒక బొమ్మ. లక్క పూసినట్టు మెరుస్తున్న ఇటుకరంగు చిప్ప, అంచున తెల్లటి గీత. దీన్నెక్కడో చూశానే అనుకున్నాను. అన్నయ్య వెళ్లిపోయి, కప్పులు కడుగుతుండగా గుర్తొచ్చింది. అమలాపురం దగ్గర మా మావయ్య కొబ్బరితోటలో, చావుకి సిద్ధంగా ఉన్న చెట్టు మొదట్లో.

దాని పేరు గానోడెర్మా, ఒక రకం పుట్టగొడుగు. డబ్బా మీదా అదే పేరు, కోనసీమ రైతు నోటా అదే పేరు. కాకపోతే అక్కడ అది తెగులు. ముందు కింది మట్టలు పసుపెక్కి, వాలిపోయి మానుకి ఆనుకుని వేలాడతాయి. తర్వాత మొదలు దగ్గర బెరడు పగిలి గోధుమరంగు జిగురు కారడం మొదలవుతుంది. అది మెల్లగా పైకి పాకుతుంది. తవ్వి చూస్తే వేళ్లు కుళ్లి ఉంటాయి. చిప్పలు బయటపడేసరికి లోపల పని అంతా అయిపోయినట్టే. 1952 తుపాను తర్వాత తంజావూరు ప్రాంతంలో తోటలకి తోటల్ని పట్టుకోవడంతో తంజావూరు విల్ట్ అన్న పేరు కూడా వచ్చింది దీనికి. జబ్బు చెట్టు చుట్టూ కందకం తవ్వి పక్క చెట్ల వేళ్లతో సంబంధం తెంచాలి. చచ్చినదాన్ని మొద్దుతో సహా పెకలించి కాల్చేయాలి. పాదులో ఏటా ఐదు కిలోల వేపపిండి, అందులో ట్రైకోడెర్మా కలిపి వేయాలి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. ఒక బూజు మీదికి ఇంకో బూజుని ఉసిగొల్పడమన్నమాట.

మావయ్యకి ఫోన్ చేసి, ఆ చిప్పలకి బయట బోలెడు గిరాకీ ఉందని చెప్పాను. ‘‘అయితే వచ్చి కోసుకుపొమ్మనరా. కందకం తవ్వించిన కూలన్నా గిట్టుద్ది’’ అన్నాడు.

ఇక్కడ ఒక మాట. మావయ్య తోటలో లేచిందీ, చైనావాళ్లు మందుగా వాడేదీ అచ్చంగా ఒకటే జాతి అని నేననడం లేదు. గానోడెర్మా అనేది ఇంటిపేరు లాంటిది. ల్యూసిడమ్ అన్న పేరు మొదట ఐరోపాలో దొరికినదానికి పెట్టారు. తర్వాత నిగనిగలాడే ప్రతి చిప్పకీ, చైనాదానికీ, మన కొబ్బరిదానికీ అదే తగిలించారు. చైనాలో సాగుచేసేది వేరే జాతి అని తేల్చి గానోడెర్మా లింగ్‌జీ అని విడిగా పేరు పెట్టింది 2012లో. కాబట్టి కొబ్బరి మొదట్లోది కోసి కషాయం కాచుకోవద్దు.

లింగ్‌జీకి చైనాలో ఉన్న పేరు చిన్నది కాదు. రెండు వేల ఏళ్ల నాటి వాళ్ల తొలి ఔషధ గ్రంథం ‘షెన్‌నొంగ్ బెన్‌త్సావ్ జింగ్’ దాన్ని ఆరు రంగులుగా విడదీసి, ఆరింటినీ పైతరగతి మందుల్లో కూర్చోబెట్టింది. పైతరగతి అంటే రోగం కుదిర్చేవి కావు, ఒళ్లు తేలికచేసి ఆయుష్షు పెంచేవి. మన ఆయుర్వేదంలో రసాయనాలంటారే, ఆ వరస. అడవిలో అరుదుగా దొరికేది కనక చక్రవర్తులకి కానుకగా వెళ్లేది, బొమ్మల్లో దేవతల చేతికెక్కేది. 1970ల నుంచి రంపప్పొట్టు మీద, దుంగల మీద పండించడం చేతనయ్యాక అందరికీ అందుబాటులోకి వచ్చింది.

అయితే అదే చైనాలో ఆ మహిమని నమ్మని మహావైద్యుడొకడున్నాడు. లీ షిజెన్. జీవితమంతా ధారపోసి రాసిన ఆయన ఔషధ కోశం ‘బెన్‌త్సావ్ గాంగ్‌ము’ 1596లో నాన్‌జింగ్‌లో అచ్చయింది. కుళ్లులోంచి పుట్టిన ఈ పదార్థం మనిషి ఒంటి మీద కంతి లాంటిదనీ, దీన్ని తింటే అమరులైపోతారనడం ఒట్టి తెలివితక్కువతనమనీ ఆయన మొహమాటం లేకుండా తేల్చేశాడు. నాకు ఇంకా నచ్చిందేమిటంటే, దాన్ని ఆయన చేర్చిన చోటు. కూరగాయల విభాగం. షీటాకే, చెట్టుచెవి పుట్టగొడుగుల పక్కన.

వాడే పద్ధతి కూడా చెప్పుకోవాలి. లింగ్‌జీ చెక్కలా గట్టిగా ఉంటుంది, నమిలి మింగేది కాదు. పలచగా చెక్కి, గంటల తరబడి నీళ్లలో మరిగిస్తే నల్లటి కషాయం దిగుతుంది. వేపాకు నయమనిపించేంత చేదు. ఆ చేదు అందులోని ట్రైటెర్పీన్లది. వైద్యుడు నాడి చూసి, మిగతా మూలికలతో కలిపి, ఇన్నాళ్లని చెప్పి ఇచ్చేవాడు. అన్నయ్య ఇచ్చిన కాఫీ కలుపుకుని తాగాను. పాలకోవాలా తియ్యగా ఉంది. డబ్బా వెనక చిన్నక్షరాలు భూతద్దం పెట్టి చదివితే ముందు పంచదార, తర్వాత పాలపొడి లాంటిదేదో, తర్వాత కాఫీ, అన్నిటికన్నా ఆఖర్న గానోడెర్మా సారం. ఎంతో రాయలేదు. షుగరు తగ్గడానికి మొదటి దినుసు పంచదార! తాగగానే హుషారొస్తుందని అన్నయ్య చెప్పింది మాత్రం నిజం. కాఫీ ఆ పని ఎప్పట్నుంచో చేస్తూనే ఉంది.

పరిశోధనలు లేవా అంటే ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరీక్షలన్నీ పోగుచేసి జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2012లో క్యాన్సరు సంగతి చూసింది. గానోడెర్మాని అసలు చికిత్సగా వాడటానికి చాలినంత ఆధారం లేదని చెప్పింది. మామూలు చికిత్సకి తోడుగా ఇస్తే కొంత మేలు ఉండొచ్చు గానీ, ఆ పరీక్షలు చేసిన తీరే అంతంతమాత్రమని కూడా చెప్పింది. 2015లో షుగరున్నవాళ్ల గుండె సంగతి చూసింది. అక్కడా ఆధారం దొరకలేదు. 2017లో అమెరికాలో అమ్ముతున్న 19 రకాల గానోడెర్మా మాత్రల్నీ పొడుల్నీ పరీక్షిస్తే లేబుల్ మీద రాసిందానికి సరితూగినవి ఐదే. అంత గట్టి చట్టాలున్న దేశంలో సంగతి అది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిదని డాక్టర్లంటారు. అన్నయ్య బైపాస్ చేయించుకున్న మనిషి, ఆ మందులే వేసుకుంటాడు. ఆ సంగతి ఫోన్లో చెబితే ‘‘మా అప్‌లైన్‌ని అడుగుతా’’ అన్నాడు, అంటే తనని ఇందులో చేర్పించినవాణ్ని. గుండె డాక్టరుని అడగరా నాయనా అంటే ఫోను పెట్టేశాడు.

ఇదంతా విని పుట్టగొడుగుల్లో మందే లేదనుకుంటే అదీ పొరపాటే. జపాన్‌లో ట్రామెటిస్ వెర్సికొలర్ అనే పుట్టగొడుగు నుంచి తీసిన క్రెస్టిన్‌కి 1977లో, షీటాకే నుంచి తీసిన లెంటినాన్‌కి 1985లో క్యాన్సరు చికిత్సకి తోడు మందులుగా ప్రభుత్వం అనుమతిచ్చింది. కానీ లెంటినాన్ ఎక్కించేది నరంలోకి. శుద్ధిచేసి, కొలిచి, ఆస్పత్రి మంచం మీద. షీటాకే వేపుడు తిన్నవాడికి లెంటినాన్ ఎక్కినట్టు కాదు. పుట్టగొడుగు మందు, మందు పుట్టగొడుగు అని తిరగేసి చెప్పేటప్పుడు మధ్యలో ఈ సూది జారిపోతూ ఉంటుంది.

వంటింటి వైపు నుంచి చూస్తే షీటాకే కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఎండబెట్టిన షీటాకేలని జపాన్‌వాళ్లు వేణ్నీళ్లలో వెయ్యరు. చన్నీళ్లలో వేసి రాత్రంతా వదిలేస్తారు. పొద్దున్నకి పుట్టగొడుగు ఉబ్బి మెత్తబడుతుంది, నీళ్లు టీ రంగుకి వస్తాయి. ఆ నీళ్లు పారబొయ్యరు. సముద్రపు నాచు నానిన నీళ్లతో కలిపి చారుకి వాడతారు. ఆ రెండూ కలిస్తే రుచి కూడిక కాదు, హెచ్చవేత. షీటాకేలోని గ్వానిలేట్ వల్లే ఇదని అకిరా కునినాకా 1957లో కనిపెట్టాడు. పోయినసారి హైదరాబాదులో ఓ సూపర్ మార్కెట్టులో వంద గ్రాముల ప్యాకెట్టు కొనుక్కొచ్చి, ఆ నీళ్లు పప్పుచారులో పోసి చూశాను. ఇంగువ వేయాల్సిన అవసరం కనపడలేదు. మా ఆవిడ మాత్రం ‘‘చారు చారులా లేదు’’ అంది. ఒక్క జాగ్రత్త: షీటాకే సగం ఉడికితే కొందరికి ఒంటి మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు లేస్తాయి. బాగా ఉడకనివ్వాలి.

బజార్లో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగుకి కూడా ఒక గుణం ఉంది, ఎవరూ డబ్బాలో పెట్టి అమ్మనిది. ముక్కలుగా కోసి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఓ అరగంట పెడితే అందులోని ఎర్గోస్టెరాల్ విటమిన్ డిగా మారుతుంది. మన ఒళ్లు ఎండలో చేసే పనే అది. డాబా, పళ్లెం, ఎండ, అంతే ఖర్చు.

మన పుట్టగొడుగు సంగతికి వస్తాను. పుట్టని పట్టుకుని ఉండేది కనక పుట్టగొడుగు, తెలంగాణలో పుట్టకొక్కు. పేరు పెట్టినవాడికి శాస్త్రం తెలుసు. నిజానికి దాన్ని పండించేది చెదలే. నమిలిన ఆకునీ కట్టెనీ పుట్ట అడుగున గూడుగా పేర్చి, దాని మీద ఈ శిలీంధ్రాన్ని పెంచి, దాన్నే తిని బతుకుతాయి. తొలకరి పడి నేల నానాక ఆ తోటలోంచే కాడ సాగి, మట్టిని చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. దీని శాస్త్రీయనామం టెర్మిటోమైసిస్, అంటే చెదల బూజు. చెదలకి చేతనైన ఈ సేద్యం మనిషికి ఈనాటికీ చేతకాలేదు. అందుకే దీన్ని షెడ్డులో పండించి అమ్మేవాళ్లు లేరు, కాఫీలో కలిపేవాళ్లూ లేరు.

ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మా అమ్మమ్మ అనేది. మేఘదూతంలో కాళిదాసు కూడా మేఘగర్జనకి భూమి పుట్టగొడుగులతో నిండుతుందనే అన్నాడు. జపాన్‌లో ఇవాతే విశ్వవిద్యాలయం వాళ్లు పిడుగు పడ్డట్టు షీటాకే దుంగలకి అధిక వోల్టేజి విద్యుత్తు క్షణకాలం తగిలించి చూస్తే దిగుబడి బాగా పెరిగింది. అమ్మమ్మ లేదిప్పుడు, చెప్పడానికి. ఇక మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు పుట్టగొడుగుల్ని గడ్డిలోవి, చెరకు పిప్పిలోవి, పేడలోవి, వెదురులోవి, నేలలోవి అని మొలిచే చోటుని బట్టి విడదీసి గుణాలు చెప్పాడు. ఎక్కడ చెప్పాడంటే శాకాల్లో. లీ షిజెన్ కన్నా ఎన్నో వందల ఏళ్ల ముందు, అదే అర!

ఆరుద్ర కార్తెలో గోకవరం నుంచి రంపచోడవరం పోయే దారిలో టేకాకుల్లో కుప్పలు పెట్టుకుని కూర్చుంటారు ఆడవాళ్లు. విచ్చినవాటికన్నా మొగ్గలకి ధర ఎక్కువ. ఇంటికి తెచ్చాక కాడ అడుగున మట్టిని కత్తితో గీకెయ్యాలి. కాడ చివర వేరులా సాగి ఉంటుంది, చెదల గూడు దాకా దిగిన భాగం అది. పసుపు నీళ్లలో ఒక్కసారి ముంచి తీసెయ్యాలి, నాననిస్తే రుచి నీళ్లపాలు. కత్తిపీట అక్కర్లేదు, కాడ పొడుగునా వేళ్లతో చీలిస్తే కోడిమాంసంలా పోగులొస్తాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక వేస్తే నీళ్లొదులుతాయి. ఆ నీళ్లలోనే ఉడికి, ఆ నీళ్లు ఇగిరాక గసగసాలు, కొబ్బరి ముద్ద. మసాలా ఎక్కువైతే వాసన పోతుంది. తొలకరి మట్టి వాసన ఉంటుంది చూశారూ, అది.

అయితే ఆ ఆడవాళ్లు చిన్నప్పట్నుంచీ ఏ పుట్ట మీద ఏది లేస్తుందో ఎరిగినవాళ్లు. మనం కాదు. వానాకాలంలో అడవి పుట్టగొడుగులు తిని ఆస్పత్రి పాలైన కుటుంబాల వార్తలు ఏటా చదువుతాం. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదనీ, వెల్లుల్లి రంగు మారకపోతే మంచిదనీ, పురుగు తిన్నది మనమూ తినొచ్చనీ చెప్పుకునేవన్నీ అబద్ధం. అమనిటా జాతుల్లో ఉండే విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి, గండం గడిచిందనుకున్న రోజునే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. అనుమానం ఉంటే వాంతి కాకముందే ఆస్పత్రికి పోవాలి, మిగిలిన కూర పట్టుకుని మరీ పోవాలి.

హిమాలయాల కీడాజడి గురించి కూడా అన్నయ్య మొన్న ఒక వీడియో పంపాడు. గొంగళిపురుగు తలలోంచి మొలిచే శిలీంధ్రం అది. వేసవిలో పిథోరాగఢ్ కొండల మీద మోకాళ్ల మీద పాకుతూ ఏరుతారు, కిలో లక్షల్లో పలుకుతుంది. 1993లో చైనా అమ్మాయిలు పరుగుపందేల్లో ప్రపంచ రికార్డులు తిరగరాసినప్పుడు వాళ్ల కోచ్ మా జున్‌రెన్ ఇదీ తాబేలు రక్తమూ తాగించానని చెప్పాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ముందు రక్తపరీక్షల్లో అనుమానం తగిలి ఆయన శిష్యురాళ్లలో ఆరుగురిని జట్టులోంచి తప్పించారు. పరీక్షల్లో తేలింది పుట్టగొడుగు కాదు. వీడియోలో ఈ ముక్క లేదు.

పోయిన వారం ఆ రంపచోడవరం దారినే వస్తూ కారాపి రెండు కుప్పల పుట్టగొడుగులు కొన్నాను. టేకాకులో చుట్టి, తాటినారతో కట్టి ఇచ్చింది ముసలమ్మ. ‘‘ఒంటికి మంచిదేనా మామ్మా?’’ అన్నాను, ఊరికే. ఎగాదిగా చూసింది. ‘‘కూరకి మంచిది. రాత్రికే వండుకో, రేపటికి పురుగుపడతాది’’ అంది.