గచ్చు పగిలితే పగలగొట్టాలా?

ఇంటి ముందు వరండా గచ్చు పగిలిందంటే చాలు, అందరిదీ ఒకటే మాట: "మొత్తం తవ్వేసి టైల్స్ వేయించేయండి." మా ఇంట్లోనూ ఈ సెలవుల్లో అదే చర్చ. నా ఓటు మాత్రం రిపేరుకే.

ముందు పగులు ఎందుకొచ్చిందో చూడాలి. కారణం వదిలేసి పైన సిమెంటు పూయడమంటే బగ్ వదిలేసి ఎర్రర్ మెసేజ్ దాచేయడమే. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. ఒక వానాకాలం తర్వాత పగులు ఆ గీత దాటితే కింద మట్టి కుంగుతోందేమో, డాబా నీళ్లు అక్కడే ఇంకుతున్నాయేమో చూడాలి. అది సరిచేయకుండా టైల్స్ వేస్తే అవీ పగులుతాయి.

పగులు కదలకపోతే పని తేలికే. ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి, సిమెంటు పాలు పూసి, ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ఇసుకతో మాలు కూరాలి. తర్వాత తడి గోనె సంచులు పరిచి 7 రోజులు ఆరనివ్వకూడదు. మనవాళ్లు ఎగ్గొట్టేది ఈ క్యూరింగే. నిజానికి దానికయ్యే ఖర్చు నీళ్లే!

అతుకులు కనబడతాయంటారా? బాగా ఆరాక బయటి నేలకు వాడే పెయింట్ వేయండి. తడి మీదే కాస్త సన్న ఇసుక చల్లితే కాలు జారదు. అదే నున్నటి టైల్స్ మీద వానజల్లు పడితే మా నానమ్మ నడవగలదా?

గచ్చు కుంగిపోయి, తడితే డొల్లగా మోగితే మాత్రం తవ్వాల్సిందే, ఒప్పుకుంటా. కానీ ఆ మాట గచ్చు చెప్పాలి, పక్కింటి టైల్స్ కాదు.